బొరుసు అందరిదీ, బొమ్మ ఎవరిది వారిది

2018 ఫిబ్రవరిలో ఒక శనివారం. జర్మనీలోని ఆఖెన్‌లో మాస్టర్స్ చదువుతూ ఒక బేకరీలో పార్ట్‌టైమ్ చేస్తున్న రోజులు. పొద్దున ఆరింటి షిఫ్టు. తొలి రద్దీ తగ్గాక గల్లాపెట్టెలో చిల్లర సర్దుతుంటే ఒక యూరో నాణెం మీద గుడ్లగూబ కనబడింది. పెద్ద పెద్ద గుండ్రటి కళ్లతో నేరుగా నన్నే చూస్తోంది. పక్కన ఒక చిన్న కొమ్మ, నాకు రాని లిపిలో ఏవో అక్షరాలు. అప్పటిదాకా నా చేతుల మీదుగా వెళ్లినవన్నీ జర్మనీ గద్ద బొమ్మవే అనుకున్నాను. అసలు నాణేలను తిప్పి చూసిన పాపాన పోలేదు. అంకె చూడటం, లెక్కపెట్టడం, ఇచ్చేయడం, అంతే.

ఆ నాణెం నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. ఓనరమ్మను అడిగాను. నా పర్సులోంచి ఒక యూరో తీసి ఆమె కళ్లముందే గల్లాపెట్టెలో వేసి గుడ్లగూబను తీసుకున్నాను. తర్వాత ఐదేళ్లూ ఇదే పద్ధతి. నాకు నచ్చిన నాణెం దొరికితే పక్కన పెట్టడం, షిఫ్టు అయ్యాక ఆమె ముందు అంతే విలువ వేసి తీసుకోవడం. ఒక్కసారి కూడా ఆమె కాదనలేదు.

ఆ సాయంత్రం ఫొటో తీసి మా బాపుకు పంపాను. బాపు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు తోలుసంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే రూపాయి, అర్ధరూపాయి, రెండు రూపాయలు వేరుచేసిన మనిషి. చిల్లర లేనప్పుడు టికెట్ వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చేవాడు. నాణెం అంటే ఆయనకు ప్రాణం. వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది ఏ దేశంది బిడ్డా?"

"గ్రీసుదట బాపూ."

"మరి జర్మనీల చెల్లుతదా?"

"చెల్లుతది. యూరో వాడే దేశాలన్నిట్లో చెల్లుతది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అందరి పైసలు ఒక్కటే అయినప్పుడు బొమ్మలెందుకు వేరే వేరే ఉన్నయి?"

నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుని చెప్తానన్నాను. నా సేకరణ ఆ మాటతోనే మొదలైంది.

ముందు తేలిగ్గా తెలిసేది చెప్తాను. యూరో నాణేలు 2002 జనవరి 1న జనం చేతికొచ్చాయి. ఒక సెంటు నుంచి రెండు యూరోల దాకా ఎనిమిది రకాలు. వాటి బొరుసు, అంటే అంకె ఉండే వైపు, అన్ని దేశాలకూ ఒకటే. దాన్ని గీసింది బెల్జియం టంకశాలలో పనిచేసిన లూక్ లూయిక్స్. బొమ్మ వైపు మాత్రం ఏ దేశానిది ఆ దేశం ఇష్టం. మొదట పన్నెండు దేశాలు. పన్నెండెనిమిదులు తొంభై ఆరు. ఆ తొంభై ఆరూ కొనకుండా, చేతికొచ్చిన చిల్లరలోంచే పోగుచేయాలని నియమం పెట్టుకున్నాను. కొంటే ఒక్క పూటలో అయిపోతుంది. అందులో వెతుకులాటే ఉండదు.

మొదటి చిక్కు, ఏ నాణెం ఏ దేశానిదో పోల్చుకోవడం. పాత నాణేల్లో చాలావాటి మీద దేశం పేరే ఉండదు. జర్మనీ నాణెం మీద జర్మనీ అని ఎక్కడా రాసి ఉండదు. గద్ద, బ్రాండెన్‌బుర్గ్ ద్వారం, ఓక్ రెమ్మ చూసి మనమే గుర్తుపట్టాలి. ఐర్లాండ్‌వి సులువు, ఎనిమిదింటి మీదా వాళ్ల హార్ప్ వాద్యమే. ఆస్ట్రియా చిన్న నాణేల మీద ఆల్ప్స్ కొండల పూలు, ఒక యూరో మీద మోజార్ట్, రెండు యూరోల మీద శాంతికోసం రాసి, తిరిగి, 1905లో నోబెల్ శాంతి బహుమతి పొందిన బెర్తా ఫాన్ జుట్నర్. పోర్చుగల్‌వి చూస్తే మొదట్లో ముగ్గు వేసినట్టుండేవి. తర్వాత తెలిసింది, అవి పన్నెండో శతాబ్దపు రాజముద్రలని. ఫిన్లాండ్ ఒక యూరో మీద సరస్సు పైన ఎగిరే రెండు హంసలు. నాకు అన్నిటికన్నా అందంగా అనిపించేది అదే.

ఇటలీ దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. చాలా దేశాలు ఒకే బొమ్మను రెండు మూడు నాణేలకు సర్దుకుంటే ఇటలీ ఎనిమిదింటికీ ఎనిమిది వేర్వేరు బొమ్మలు పెట్టింది. ఐదు సెంట్ల మీద రోమ్‌లోని కొలోసియం, పది సెంట్ల మీద చిత్రకారుడు బొట్టిచెల్లీ గీసిన వీనస్ దేవత ముఖం, రెండు యూరోల మీద రఫాయెల్ గీసిన కవి దాంతే. చాలామటుకు టీవీ చూసే జనం ఓట్లతోనే ఎంచుకున్నారు. ఒక యూరో ఒక్కటి అప్పటి ఆర్థికమంత్రి చాంపి ముందే నిర్ణయించేశాడు. చేతులు కాళ్లు చాచి వలయంలో నిలబడిన మనిషి, లియొనార్దో దా విన్చీ గీసిన బొమ్మ అది. డబ్బు మనిషికి పనికిరావాలన్న భావంతో ఎంచుకున్నాడట. ఇది బాపుకు చెప్తే ఎంతో సంతోషపడ్డాడు. కానీ ఆయన ప్రశ్నకు అది జవాబు కాదు.

జవాబు మొదటిసారి తగిలింది బేకరీ కౌంటర్ దగ్గరే. రోజూ ఏడున్నరకు రెండు చిన్న రొట్టెలు కొనుక్కెళ్లే ఒక ముసలమ్మ ఉండేది. పర్సు బోర్లించి సెంట్లు లెక్కపెట్టి ఇచ్చేది. వెనక వరసలో జనం నసిగినా నాకు ఆమె వస్తే పండగే, ఎందుకంటే ఎర్ర నాణేలన్నీ, అంటే ఒకటి, రెండు, ఐదు సెంట్లవి, ఆమె దగ్గరే ఉండేవి. ఒకరోజు నేను ఒక సెంటు తిప్పి చూస్తుంటే ఓక్ రెమ్మ మీద వేలు పెట్టి, ఇది మా ఫెన్నిగ్ మీదిది, అంది. ఫెన్నిగ్ అంటే యూరోకు ముందు జర్మనీ చిల్లర పైసా. చిన్నప్పుడు మిఠాయి కొనుక్కున్న పైసల మీద ఇలాంటి ఓక్ ఆకులే ఉండేవట. యాభై ఫెన్నిగ్‌ల మీదైతే ఒక ఆడమనిషి వంగి ఓక్ మొక్క నాటుతూ ఉండేదని, తను కౌంటర్ మీదికి వంగి చూపించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొట్టిన నాణేలవి. కూలిన ఇళ్ల మధ్య పెరిగిన పిల్లలకు ఆ మొక్క అంటే ఏమిటో ఆమె ముఖంలో కనిపించింది.

ఆ రాత్రి ఇంటికెళ్లి ఉన్నవన్నీ మంచం మీద పరిచి మళ్లీ చూశాను. ఫ్రాన్స్ పది, ఇరవై, యాభై సెంట్ల మీద విత్తనాలు చల్లుతూ నడిచే ఆడమనిషి ఉంటుంది. ఆస్కార్ రోటీ చెక్కిన ఆ బొమ్మ పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి ఫ్రాంక్ నాణేల మీద ఉన్నదే. ఐర్లాండ్ హార్ప్ వాళ్ల పాత పౌండ్ నాణేల మీదిదే. ఫిన్లాండ్ సెంట్ల మీది సింహం పాత మార్కా మీది సింహానికి మరో రూపం. ఇక నా గుడ్లగూబ! అది ఉత్త పక్షి బొమ్మ కాదు, ఒక నాణెం బొమ్మ. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో ఏథెన్స్ కొట్టిన నాలుగు ద్రాక్మాల వెండి నాణేన్ని అలాగే ఈ యూరో మీద అచ్చు వేశారు. నాణెంలో నాణెం. గ్రీసు 2002లో ద్రాక్మాను వదులుకుంది, వదులుకుంటూ దాని ముఖాన్ని కొత్త డబ్బు మీద దాచుకుంది.

బాపుకు ఫోన్ చేసి చెప్పాను. పాత పైసలు పోయినా గుర్తుండాలని బొమ్మలు పెట్టుకున్నరు బాపూ, అన్నాను. వెంటనే అన్నాడు, "మా అవ్వ చచ్చేదాక రూపాయిని రూపాయి అనలే బిడ్డా. హాలి పైసలు ఎన్ని, కంపెనీ పైసలు ఎన్ని అనే అడిగేది." నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు. విలీనమై, హాలీ సిక్కా చెలామణి ఆగిపోయాక కూడా మా నాయనమ్మ తరం వాళ్ల నోట్లోంచి ఆ మాట పోలేదు. ఈ సంగతి నేను అంతకుముందు వినలేదు. జర్మనీలో గ్రీసు నాణెం దొరికితే గానీ మా ఇంటి మాట బయటికి రాలేదు.

అక్కడినుంచి నా వెతుకులాట తీరు మారింది. ఖాళీ గడి నింపడం కన్నా, ఇందులో పాతది ఏం దాగుంది అని చూడటం మొదలుపెట్టాను. 2014లో చేరిన లాత్వియా ఒక యూరో, రెండు యూరోల మీద జానపద కిరీటం పెట్టుకున్న అమ్మాయి ఉంటుంది. 1929 నాటి ఐదు లాట్‌ల వెండి నాణెం మీది ముఖం అది. సోవియట్ ఏలుబడిలో జనం ఆ వెండి నాణేన్ని ఇళ్లలో గుర్తుగా దాచుకున్నారు. 2023లో చేరిన క్రొయేషియా ఒక యూరో మీద మార్టెన్ అనే చిన్న జంతువును పెట్టింది. ముంగిసలా పొడుగ్గా, మెత్తటి బొచ్చుతో ఉంటుంది. వాళ్ల భాషలో దాని పేరు కూనా. వాళ్లు వదులుకున్న డబ్బు పేరు కూడా కూనాయే. మధ్యయుగంలో ఆ బొచ్చుతోళ్లతోనే పన్నులు కట్టేవారట. మొదట ఎంపికైన బొమ్మ ఒక ఫొటోకు నకలని గొడవైతే వెనక్కి తీసుకుని మళ్లీ కొత్తగా గీయించారు. ఆ జంతువు మాత్రం ఉండాల్సిందే అనుకున్నారు.

ఆఖెన్ ఊరు ఈ పనికి చాలా అనువైనది. నెదర్లాండ్స్, బెల్జియం రెండూ సిటీ బస్సు దూరమే. వాల్స్ దగ్గర కొండమీద మూడు దేశాల సరిహద్దులు కలిసేచోట రాయి ఉంది, ఆదివారాలు అక్కడిదాకా నడిచేవాళ్లం. అందుకే మా గల్లాపెట్టెలో బెల్జియం రాజు ఆల్బర్ట్, నెదర్లాండ్స్ రాణి బేయాట్రిక్స్ రోజూ ఉండేవారు. 2014 నుంచి బెల్జియం నాణేల మీద ఫిలిప్, నెదర్లాండ్స్ నాణేల మీద విలెమ్ అలెగ్జాండర్ వచ్చారు. పాతవీ కొత్తవీ కలిసే తిరుగుతాయి.

వాల్స్‌లో సూపర్‌మార్కెట్‌కు వెళ్లినప్పుడే ఇంకొకటి అర్థమైంది. బిల్లు 7.98 అయింది. ఎనిమిది యూరోలు ఇచ్చి రెండు సెంట్లకోసం చెయ్యి చాచాను. రాలేదు. నెదర్లాండ్స్‌లో 2004 నుంచి నగదు బిల్లును దగ్గరి ఐదు సెంట్లకు సరిచేస్తారు. ఒకటి, రెండు సెంట్ల నాణేలు అక్కడ దుకాణాల్లో తిరగవు. ఫిన్లాండ్ అయితే మొదటిరోజునుంచే అంత. కొట్టినవి కొన్నే, అవీ సేకరించేవాళ్ల పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఫిన్లాండ్ ఒక సెంటు గడి నా ఆల్బమ్‌లో ఇప్పటికీ ఖాళీయే.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. గ్రీసు ఎర్ర నాణేలు మూడింటి మీదా ఓడలే. ఒక సెంటు మీద తెడ్లతో నడిచే పురాతన యుద్ధనౌక, రెండు సెంట్ల మీద పందొమ్మిదో శతాబ్దపు తెరచాప ఓడ, ఐదు సెంట్ల మీద ఇప్పటి ట్యాంకర్. మూడూ వరసగా పెడితే రెండున్నర వేల ఏళ్ల సముద్రయానం. మొదటి ఓడ కోసం పదకొండు నెలలు చూశాను. దొరికినప్పుడు అది నల్లగా, జిడ్డుగా ఉంది. మా ఇంట్లో ఇత్తడి బిందెలు, రాగిచెంబులు తోమేది చింతపండుతోనే కదా. ఇండియన్ షాపులో తెచ్చిన చింతపండు నానబెట్టి రుద్దాను. రెండు నిమిషాల్లో తళతళలాడింది. ఎంత మురిశానో! మర్నాటికి రంగు గులాబీలా మారింది, వారానికి మచ్చలొచ్చాయి, నెలకు అంచున తుప్పు కనిపించింది.

యూరో ఎర్ర నాణెం మొత్తం రాగి కాదు. లోపల ఉక్కు, పైన పలచటి రాగిపూత. పులుపు ఆ పూతను తినేసింది. పదహారేళ్లు చేతులు మారుతూ వచ్చిన రంగును నేను రెండు నిమిషాల్లో కడిగేశాను. ఆ బాధ చాలా రోజులు పోలేదు. అప్పటినుంచి ఏ నాణేన్నీ తోమను. మరీ మురికైతే గోరువెచ్చని నీళ్లలో ముంచి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దుతాను. అంచులు పట్టుకునే తీస్తాను. పీవీసీ కవర్లు వాడను, అవి కొన్నాళ్లకు పచ్చటి జిగురు వదులుతాయి. ఆ పాడైన ఓడను పారేయలేదు. తర్వాత దొరికిన మంచిదాని పక్కనే పెట్టాను.

రెండో దెబ్బ డబ్బుకు తగిలింది. కొనకూడదన్న నియమం ఒక్కసారి తప్పాను. ఇంటర్నెట్‌లో ఒకాయన గ్రీసు 2002 రెండు యూరోల నాణెం అమ్ముతున్నాడు. గ్రీకు దేవుడు జ్యూస్ ఎద్దురూపంలో వచ్చి యూరోపా అనే రాకుమార్తెను ఎత్తుకెళ్తున్న బొమ్మ అది, స్పార్టాలో దొరికిన ప్రాచీన మొజాయిక్ చూసి చేసినది. కింద నక్షత్రంలో ఇంగ్లిష్ ఎస్ అక్షరం ఉంది, ఇది అచ్చుతప్పు, చాలా అరుదు అని రాశాడు. ముప్పై యూరోలు పెట్టాను. నాకు అది మూడు వారాల కూరగాయల డబ్బు.

నాణెం వచ్చాక భూతద్దం పెట్టి చూస్తుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. బాపు సంచిలోంచి రూపాయి తీసి సంవత్సరం కింద చూపించి, "నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, డైమండ్ ఉంటే బొంబాయిది, ఏం లేకుంటే కలకత్తాది" అని నేర్పాడు. ఈ ఎస్ కూడా అలాంటిదే ఎందుకు కాకూడదు? వెతికితే అదే నిజమని తేలింది. కొత్త డబ్బుకు కావాల్సినన్ని నాణేలు గ్రీసు ఒక్కటే కొట్టుకోలేక ఇతర దేశాల టంకశాలల సాయం తీసుకుంది. ఫిన్లాండ్ కొట్టినవాటి మీద ఎస్, అంటే సువోమి, వాళ్ల భాషలో వాళ్ల దేశం పేరు. ఫ్రాన్స్ కొట్టినవాటి మీద ఎఫ్. స్పెయిన్ కొట్టిన ఇరవై సెంట్ల మీద ఇ. అచ్చుతప్పేమీ కాదు. కోట్లలో కొట్టిన మామూలు నాణెం.

నా మొదటి గుడ్లగూబను తీసి చూశాను. దాని నక్షత్రంలోనూ ఎస్ ఉంది. ఒక్క యూరోకు వచ్చింది.

ఇది చదివేవాళ్లకు గట్టిగా చెప్తున్నాను. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలకు లక్షలిస్తామని మన వాట్సాప్‌లలో తిరిగే మాటా, ఈ ఎస్ నక్షత్రం మాటా ఒక తాను ముక్కలే. పాత నాణేలు, నోట్ల పేరుతో జరిగే ఇలాంటి మోసాలమీద 2021లో రిజర్వ్ బ్యాంక్ కూడా హెచ్చరించింది. నిజంగా అరుదైనవి ఉన్నాయి. 2007లో మొనాకో తమ రాకుమారి గ్రేస్ కెల్లీ బొమ్మతో కొట్టిన రెండు యూరోలు 20,001 మాత్రమే. అలాంటివాటికి ఎన్ని కొట్టారో లెక్క ఉంటుంది. లెక్క చెప్పకుండా అరుదు అనేవాడిని నమ్మకండి.

రెండు యూరోలలో ఏటా కొత్త స్మారక నాణేలు కూడా వస్తాయి. మొదటిది 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు గ్రీసు వేసిన డిస్కస్ విసిరే వీరుడు. ఒక్కో దేశం ఏడాదికి రెండు వేసుకోవచ్చు. బొమ్మ ఎవరిది వారిదే అన్నా, పొరుగువాళ్ల మాట కూడా వినాల్సి వస్తుంది. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధానికి 2015లో రెండు వందల ఏళ్లయితే బెల్జియం రెండు యూరోల నాణెం తలపెట్టింది. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. మా ఓటమి గుర్తు మా దుకాణాల్లో ఎందుకు తిరగాలన్నది వాళ్ల బాధ. అప్పటికే కొట్టినవాటిని బెల్జియం పక్కన పెట్టి, రెండున్నర యూరోలని అసలు లేని విలువతో, తమ దేశంలోనే చెల్లే నాణెం వేసుకుంది. నాణెం మీది బొమ్మ ఒక దేశాన్ని ఇంత నొప్పించగలదని అప్పుడే తెలిసింది.

2023లో జర్మనీ వేసినవాటిలో ఒకటి మా ఊరిదే. శార్లమాన్ చక్రవర్తి సంతకపు ముద్ర, దాని వెనక ఆఖెన్ కెథీడ్రల్ ఎనిమిది మూలల కట్టడం. రోజూ దాని పక్కనుంచే యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. బేకరీలో నా ఆఖరి వారంలో అది చిల్లరగా వచ్చింది. ఓనరమ్మ ఈసారి నా రెండు యూరోలు తీసుకోలేదు.

2024 సంక్రాంతికి హుజూరాబాద్ వెళ్లినప్పుడు ఆల్బమ్ తీసుకెళ్లాను. బాపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. విడిగా తెచ్చిన ఎనిమిది నాణేలు నా చేతిలోంచి తీసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కదాని అంచు మీద బొటనవేలు నడిపాడు. "ఇది సాపుగ ఉన్నది, చిన్నది." ఒక సెంటు. "దీనికి నడుమ గాడి ఉన్నది." రెండు సెంట్లు. ఇరవై సెంట్ల దగ్గర ఆగి ఏడు నొక్కులూ లెక్కపెట్టాడు. ఒక యూరోకు, "కొంచెం గరుకు, కొంచెం సాపు, మల్ల గరుకు" అన్నాడు. చూపులేనివాళ్లు కూడా పోల్చుకోవాలనే అంచులు అలా చేశారని చెప్పకముందే ఆయన వేళ్లకు తెలిసిపోయింది. ఎనిమిదీ వరసగా పేర్చాడు, ఒక్కటీ తప్పలేదు.

తర్వాత లేచి బీరువాలోంచి నాయనమ్మ రేకుడబ్బా తెచ్చాడు. అందులో గుడ్డముక్కలో చుట్టి ఒక చిన్న వెండి నాణెం. హాలీ సిక్కా, నాలుగణాలు. మీద చార్మినార్, దాని ద్వారం మధ్యలో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని ఐన్ అనే ఉర్దూ అక్షరం. నల్లబడి ఉంది.

"తోముదామా?" అన్నాడు.

"వద్దు బాపూ."

ఫిన్లాండ్ గడి ఖాళీగా ఉందిగా, అందులో పెట్టమన్నాడు. ఆ గడి నాలుగణాలకు ఇరుకైంది. గుడ్లగూబను తీసి పక్క పేజీకి మార్చి, ఒక యూరో గడిలో చార్మినార్‌ను పెట్టాను. కొంచెం వదులుగా ఉంది, కదిపితే చిన్న చప్పుడు చేస్తుంది.